పొగ గొట్టం కోస్తే బండికి లాగుడు రాదు

తెల్లవారకముందే దిండి నుంచి పికప్ బండ్లు బయలుదేరతాయి. చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు కొన్ని, శివకోడు మీదుగా రాజోలు, అమలాపురం వైపు కొన్ని. ఒక దానిలో వలిచిన కొబ్బరికాయలు, ఒక దానిలో ఐసు పెట్టెల్లో రొయ్యలు, మరో దానిలో మేత బస్తాలు, దాళ్వా కోతలప్పుడైతే ధాన్యం. ఒకప్పుడు రెండెడ్ల బండి చేసిన పని ఇప్పుడు వీటిది. 2005లో రెండు సిలిండర్ల టాటా ఏస్ వచ్చిన తర్వాత చిన్న కమతం ఉన్న రైతు కూడా సొంత డీజిల్ బండి కొనుక్కునే ధైర్యం చేశాడు. ఆ తర్వాత పెద్ద పికప్‌లు వచ్చాయి. ఈ రోజు కోనసీమలో పికప్ అంటే వాహనం మాత్రమే కాదు, నాగలి లాగా, ఇంజను మోటారు లాగా సేద్యపు పనిముట్టు. నెల వాయిదా కట్టాల్సిన పనిముట్టు కూడా.

ఈ పనిముట్టు చుట్టూ ఇప్పుడు ఒక వ్యాపారం పెరుగుతోంది. 'ఈ ఫిల్టర్ వేస్తే గాలి ఎక్కువ తీసుకుంటుంది, మైలేజీ పెరుగుతుంది' అని ఒకరు. 'సైలెన్సర్ లోపల పలకలు తీసేస్తే బండి ఫ్రీ అవుతుంది' అని మరొకరు. బీఎస్-6 బండి అయితే 'ఆ పొగ డబ్బా కోసేసి కంప్యూటర్ సెట్టింగు మార్చేద్దాం, ఇక లైటు వెలగదు' అని ఇంకొకరు. కిరాయి పెరగదు, డీజిల్ తగ్గదు, కొబ్బరి ధర ఎప్పుడు పడుతుందో తెలియదు. 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు రొయ్యల రైతు పరిస్థితి ఏమైందో అందరం చూశాం. అలాంటప్పుడు లీటరుకు ఒక కిలోమీటరు ఎక్కువ వస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. ఆ ఆశను తప్పుపట్టడం లేదు. కానీ ఆ ఆశ పేరుతో రైతు జేబు ఖాళీ అవుతుంటే చూస్తూ ఊరుకోవడం సంఘం పని కాదు.

మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. మంచి ఎయిర్ ఫిల్టర్ మీద పెట్టే డబ్బు తిరిగి వస్తుంది. పొగ గొట్టం కోయడానికి పెట్టే డబ్బు తిరిగి రాదు, పైగా కేసును, జబ్బును వెంట తెస్తుంది. ఇక కొత్త బండ్లలో నిజంగా ఉన్న ఇబ్బందికి రంపం పరిష్కారం కాదు. దానికి మరమ్మతు హక్కు కోసం పోరాడాలి.

ఇంజను తినేది డీజిలే కాదు

ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండాలంటే సుమారు 10 వేల లీటర్ల గాలి కావాలి. నిజానికి డీజిల్ ఇంజను ఇంతకంటే ఎక్కువే పీల్చుకుంటుంది. రెండున్నర లీటర్ల ఇంజను నిమిషానికి 2,500 చుట్లు తిరిగితే, టర్బో లేకపోయినా నిమిషానికి సుమారు 3 వేల లీటర్ల గాలి లోపలికి పోతుంది. మరి మన గాలిలో ఏముంది? వేసవిలో ఏటిగట్టు మీద, పుంత రోడ్ల మీద లేచే సన్నని ఒండ్రు దుమ్ము. నూర్పిళ్లప్పుడు గడ్డి నలుసు, ఊక. పీచు మిల్లుల దగ్గర కొబ్బరి పొట్టు. వీటిలో అన్నింటికంటే ప్రమాదం ఇసుక రేణువు. అది లోపలికి పోతే రింగులనూ లైనరునూ గరుకు కాగితంలా అరగదీస్తుంది, టర్బో రెక్కలను కొరికేస్తుంది. తర్వాత ఆయిల్ తాగడం, నీలం పొగ, చివరికి ఇంజను దింపడం. ఫిల్టర్ కొన్ని వందల రూపాయలది. దింపిన ఇంజను వేల మీద వేలు మింగుతుంది.

ఇక మూసుకుపోయిన ఫిల్టర్ చేసే నష్టం వేరు. పాత పంపు బండ్లలో గాలి తగ్గినా డీజిల్ తగ్గదు. మండని డీజిల్ నల్ల పొగగా పోతుంది. కొత్త కంప్యూటర్ బండ్లలో గాలి తగ్గితే కంప్యూటరే డీజిల్ తగ్గిస్తుంది. అందుకే పొగ కనిపించకపోవచ్చు, కానీ చించినాడ వంతెన ఎక్కేటప్పుడు గేరు దించాల్సి వస్తుంది. డ్రైవరు దాన్ని 'ఇంజను వీక్' అనుకుంటాడు. లెక్క వేసి చూద్దాం. రోజుకు ఐదు లీటర్లు తాగే పాత బండి ఫిల్టర్ మూసుకుపోయి పావు లీటరు ఎక్కువ తాగిందనుకుందాం. లీటరు వంద రూపాయల చొప్పున నెలలో 25 రోజులు తిరిగితే 600 రూపాయలు దాటుతుంది. కొత్త ఫిల్టర్ ఖర్చుతో అది దాదాపు సమానం.

ఏ ఫిల్టర్ తీసుకోవాలి

బజారులో మూడు రకాలు దొరుకుతున్నాయి. మొదటిది మడతల కాగితం ఫిల్టర్. బండితో కంపెనీ ఇచ్చేది ఇదే. దుమ్మును నూటికి 99 పాళ్లకు పైగా ఆపుతుంది. దుమ్ము రోడ్ల మీద బరువు మోసే మన బండికి ఇదే సరైనది. రెండోది నూనె పూసిన గుడ్డ ఫిల్టర్. కడిగి మళ్లీ వాడుకోవచ్చని, గాలి ధారాళంగా వస్తుందని ఎక్కువ ధరకు అమ్ముతారు. గాలి సులువుగా వచ్చే మాట నిజమే. కానీ గాలికి దారి ఎక్కువ ఇచ్చేది సన్న దుమ్ముకూ దారి ఇస్తుంది. పైగా నూనె ఎక్కువ పూస్తే అది గాలిని కొలిచే సెన్సారు మీద పేరుకుని తప్పు లెక్క చూపిస్తుంది. పందెం కారుకు అది పనికొస్తుందేమో గానీ పుంత రోడ్డు బండికి కాదు. మూడోది స్పాంజి ఫిల్టర్. దీన్ని పికప్‌లో అసలు ఫిల్టర్‌కు బదులుగా వాడకూడదు.

ట్రాక్టర్లలో చాలా వాటికి ఇప్పటికీ నూనె తొట్టి ఫిల్టర్ ఉంటుంది. దానిలో నూనె గుర్తు దగ్గరే ఉండాలి. తక్కువైతే దుమ్ము ఆగదు. ఎక్కువైతే ఇంజను ఆ నూనెనే పీల్చుకుని అదుపు తప్పి పరుగెత్తే ప్రమాదం ఉంది. దమ్ములో పని తక్కువ దుమ్ముది. మెట్ట దుక్కి, నూర్పిడి రోజుల్లో మాత్రం ప్రతి రోజూ తొట్టి చూడాలి.

కాగితం ఫిల్టర్ విషయంలో మన షెడ్లలో జరిగే తప్పులు కొన్ని ఉన్నాయి. నీళ్లతో, పెట్రోలుతో, కిరోసిన్‌తో కడగడం మొదటిది. కడిగితే కాగితం రంధ్రాలు విచ్చుకుంటాయి, జిగురు వదులుతుంది. టైర్లకు గాలి కొట్టే గొట్టాన్ని పూర్తి ఒత్తిడితో పెట్టి బయటి నుంచి కొట్టడం రెండోది. గాలి ఎప్పుడూ లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి. ఒత్తిడి 30 పీఎస్‌ఐ దాటకూడదు, గొట్టం కాగితానికి ఆనకూడదు. నేలకేసి బాదడం మూడోది. అంచు వంగితే పక్క నుంచి దుమ్ము పోతుంది. రోజు విడిచి రోజు తీసి దులపడం కూడా మంచిది కాదు. కొద్దిగా దుమ్ము పట్టిన ఫిల్టర్ కొత్తదాని కంటే సన్నగా వడకడుతుంది. తీసిన ప్రతిసారీ రబ్బరు అంచు కదిలి సందు పడే అవకాశం ఉంది.

చేయాల్సింది ఇది. ఫిల్టర్ మార్చే కిలోమీటర్ల లెక్క బండి పుస్తకంలో ఉంటుంది. దుమ్ములో తిరిగే బండికి అందులో సగానికే మార్చాలి. తీసినప్పుడు లోపల టార్చి వెలిగించి బయటి నుంచి చూడాలి. ఎక్కడైనా సూది బెజ్జమంత వెలుగు సూటిగా కనిపిస్తే ఆ ఫిల్టర్ పారేయాలి. ఫిల్టర్ దాటిన తర్వాత ఇంజను వైపు గొట్టంలో వేలు పెట్టి తుడవాలి. వేలికి దుమ్ము అంటితే ఎక్కడో లీకు ఉన్నట్టే. ఫిల్టర్ డబ్బా అడుగున రబ్బరు ముక్కు ఉన్న బండ్లలో దాన్ని వారానికోసారి నొక్కి దుమ్ము రాల్చాలి. గొట్టాల క్లిప్పులు బిగించుకోవాలి. కొనేటప్పుడు బిల్లు తీసుకోవాలి. అట్టపెట్టె మీద పార్టు నంబరు, గరిష్ఠ ధర, తయారీ నెల లేకపోతే తీసుకోవద్దు. సగం ధరకు వచ్చే నకిలీలో మడతలు తక్కువ, జిగురు పలచన.

నీళ్ల సంగతి కూడా మరువకూడదు. 2022 జూలై గోదావరి వరద లంకలకు ఎలాంటి కష్టం తెచ్చిందో మనకు తెలుసు. కాజ్‌వే మీద నీరు పారుతున్నప్పుడు బండి నడిపితే గాలి గొట్టం నుంచి నీరు సిలిండర్‌లోకి పోతుంది. నీరు గాలిలా అణగదు. కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అలా నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్టు చేయకుండా తోసుకుని రావాలి. ముందు ఫిల్టర్ డబ్బా విప్పి తడి ఉందేమో చూడాలి.

సైలెన్సర్ తీస్తే ఏమవుతుంది

పొగ సులువుగా బయటికి పోతే ఇంజనుకు బరువు తగ్గుతుందనే మాటలో కొంత నిజం ఉంది. కానీ కంపెనీ గొట్టం ఆ ఇంజను పొగకు సరిపడా కొలతతోనే వస్తుంది. డీజిల్ ఎక్కువ పోయకుండా గొట్టం ఒక్కటే వెడల్పు చేస్తే వచ్చే లాభం చేతికి తెలియనంత తక్కువ. వచ్చేది చప్పుడు. చప్పుడు పెరిగితే బలం పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. ఇక డీజిల్ కూడా ఎక్కువ పోస్తే బలం కొంత వస్తుంది. కానీ పొగ వేడి పెరిగి టర్బో, పిస్టన్, క్లచ్ ఆయుష్షు తగ్గుతుంది. బరువు మోసే బండికి వేడి శత్రువు.

నల్ల పొగ వస్తోందని సైలెన్సర్ మీద పడేవారు ముందు వరసగా చూసుకోవాల్సినవి వేరే ఉన్నాయి. ఎయిర్ ఫిల్టర్, టర్బో నుంచి వచ్చే గాలి గొట్టాల లీకు, ఇంజెక్టర్లు, పంపు సెట్టింగు, మోసే బరువు. నీలం పొగ అయితే ఆయిల్ మండుతోంది. వేడెక్కిన తర్వాత కూడా తెల్ల పొగ ఆగకపోతే ఇంజెక్టరో, హెడ్ గాస్కెట్టో చూడాలి. ఈ జబ్బుల్లో ఏదీ గొట్టం కోస్తే నయం కాదు.

మన ప్రాంతంలో సైలెన్సర్‌కు అసలు శత్రువు ఉప్పు. సముద్రపు గాలి ఒకటి, రొయ్యల పెట్టెల నుంచి కారే ఉప్పు నీరు ఒకటి. క్లాంపులు, హ్యాంగర్లు, గొట్టం మడతలు ముందు తుప్పు పడతాయి. రొయ్యలు దించిన రోజున బండి అడుగు భాగాన్ని మంచి నీటితో కడగడం ఏ మార్పు కంటే ఎక్కువ మేలు. తుప్పు పట్టి చిల్లు పడితే అదే కొలతల సైలెన్సర్ మార్చుకోవచ్చు. అది మరమ్మతు, చట్టం దాన్ని అడ్డుకోదు. కోసి మార్చడమే మార్పు కిందికి వస్తుంది. గొట్టం దారి మార్చి పక్కకు తిప్పిన బండ్లలో ఎండుగడ్డి, కొబ్బరి పీచు వేసినప్పుడు నిప్పు ప్రమాదం కూడా ఉంది.

పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో కూడా ఆలోచించాలి. డీజిల్ పొగ మనుషులకు కేన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో తేల్చింది, దాన్ని మొదటి వర్గంలో చేర్చింది. ఆ పొగను ముందుగా పీల్చేది బండి వెనుక కొబ్బరికాయల మీద కూర్చున్న కూలీ. ఆ తర్వాత ఇరుకు రోడ్డు పక్కన బడికి నడిచే పిల్లలు.

చట్టం ఏం చెబుతోంది

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5 వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. పొగ, చప్పుడు ప్రమాణాలు మీరితే 190వ సెక్షన్ కింద మొదటిసారికి 10 వేల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు, మూడు నెలలు లైసెన్సు రద్దు. ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీకి క్లెయిమ్ నిరాకరించడానికి ఒక సాకు మనమే చేతికిచ్చినట్టవుతుంది. వారంటీ సంగతి చెప్పనక్కర్లేదు. బీఎస్-4, బీఎస్-6 బండ్లకు కాలుష్య ధ్రువపత్రం ఏడాదికోసారి, అంతకు పాత బండ్లకు ఆరు నెలలకోసారి తీసుకోవాలి. దాన్ని కాగితం కోసం కాకుండా బండి ఆరోగ్య పరీక్షగా చూడాలి. పొగ లెక్క కిందటిసారి కంటే పెరిగితే లోపల ఏదో మొదలైందని అర్థం.

అయితే ఒక మాట. శిక్ష పడేది బండి యజమానికి. మార్పు పరికరాలు బహిరంగంగా అమ్మే దుకాణం మీద, కంప్యూటర్ సెట్టింగు మార్చి డబ్బు తీసుకునే వ్యక్తి మీద చూపు పడటం లేదు. తనిఖీ రోడ్డు మీద రైతును ఆపడంతో మొదలై అక్కడే ముగిస్తే అది న్యాయం కాదు.

కొత్త బండ్ల అసలు ఇబ్బంది

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 వచ్చింది. డీజిల్‌లో గంధకం 50 పీపీఎం నుంచి 10కి తగ్గింది. బండి పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్, అంటే డీపీఎఫ్ చేరింది. పట్టిన మసిని బండి తనంతట తానే కాల్చుకోవాలి. దానికి గొట్టం సుమారు 600 డిగ్రీల వేడికి చేరాలి. ఇక్కడే మనకు చిక్కు. దిండి నుంచి మలికిపురం, మలికిపురం నుంచి చెరువు గట్టు, మళ్లీ ఇంటికి. నాలుగైదు కిలోమీటర్లకోసారి ఆగే బండికి ఆ వేడి రాదు. మసి పేరుకుంటుంది, లైటు వెలుగుతుంది, లాగుడు పోతుంది. అప్పుడే 'కోసేద్దాం' అనే మాట వినిపిస్తుంది.

కోయక్కర్లేదు. లైటు వెలగగానే బండి పుస్తకంలో చెప్పిన పద్ధతిలో 216వ నంబరు జాతీయ రహదారి మీద ఇరవై నిమిషాలు ఆగకుండా, గేరు కాస్త తక్కువలో నడిపితే చాలాసార్లు మసి కాలిపోతుంది. కాలుతుండగా ఇంజను ఆపవద్దు, ఎండుగడ్డి మీద బండి నిలపవద్దు. డీపీఎఫ్ బండికి పుస్తకంలో చెప్పిన తక్కువ బూడిద ఇంజనాయిల్ మాత్రమే పోయాలి. చవక ఆయిల్ వల్ల చేరే బూడిద ఎంత వేడికీ కాలదు. వారానికోసారైనా పొడవు ప్రయాణం ఉండేలా పనులు చూసుకోవాలి. కొనేముందే ఆలోచించడం ఇంకా మంచిది. రోజంతా ఊళ్లోనే తిరిగే బండికి డీజిల్ కంటే సీఎన్‌జీ, ఎలక్ట్రిక్ రకాలు నయమేమో లెక్క చూసుకోవాలి.

కొన్ని బండ్లకు డెఫ్ అనే ద్రవం పోసే ట్యాంకు ఉంటుంది. అందులో 32.5 శాతం యూరియా, మిగిలింది శుద్ధి చేసిన నీరు. ఇది వినగానే 266 రూపాయల 50 పైసల బస్తా ఇంట్లో ఉండగా డబ్బా ఎందుకు కొనాలని అనిపించడం సహజం. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. 2015 నుంచి మన యూరియా మొత్తం వేపనూనె పూసినదే. ఆ నూనె, బస్తాలోని మలినాలు, బోరు నీటి ఉప్పు కలిసి స్ప్రే ముక్కునూ లోపలి కేటలిస్టునూ పాడుచేస్తాయి. పైగా ఎరువును వేరే పనికి మళ్లించడం నేరం. 2025 సార్వాలో యూరియా కోసం నిలబడిన క్యూలు మరిచిపోలేదు. పైరుకు పోవాల్సింది పైరుకే పోవాలి.

పోరాడాల్సింది ఎక్కడ

ఈ ఇబ్బంది మనది మాత్రమే కాదు. అమెరికాలో పదేళ్లలో 5 లక్షలకు పైగా డీజిల్ పికప్‌ల పొగ నియంత్రణ పరికరాలను తీసేశారని ఆ దేశ పర్యావరణ సంస్థ 2020లో లెక్క కట్టింది. వాటి నుంచి అదనంగా వచ్చిన పొగ 90 లక్షలకు పైగా కొత్త పికప్‌లు రోడ్డెక్కినంత. కానీ అక్కడి రైతు సంఘాలు మరో దారిలోనూ నడిచాయి. కంపెనీ డీలరు వస్తే తప్ప ట్రాక్టరు బాగుపడని పరిస్థితి మీద పోరాడాయి. 2023 జనవరిలో ఒక పెద్ద ట్రాక్టర్ కంపెనీ మరమ్మతు సమాచారం, పరికరాలు రైతులకు ఇస్తామని రైతు సమాఖ్యతో ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాలకు మరమ్మతు హక్కు చట్టం చేసింది. డెఫ్ అయిపోయిందని పొలంలో యంత్రం ఒక్కసారిగా మొరాయించే తీరును మార్చాలని 2025 ఆగస్టులో అక్కడి ప్రభుత్వమే కంపెనీలకు చెప్పింది.

మన దేశంలో 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసింది. మొదట ఎంచుకున్న నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలు, వాహనాలు రెండూ ఉన్నాయి. ఆ డిసెంబరులో పోర్టల్ కూడా ప్రారంభించింది. పోర్టల్‌తో షెడ్డులో బండి కదలదు. అందుకే మన సంఘం ఈ డిమాండ్లను ముందుకు తెస్తోంది.

ఒకటి, మరమ్మతు హక్కును చట్టం చేయాలి. లోపం కోడు చదివే పరికరం, మరమ్మతు పుస్తకం, విడి భాగాలు సరసమైన ధరకు స్థానిక మెకానిక్‌కు దొరకాలి. తెలుగులో దొరకాలి.

రెండు, పికప్ అమ్మే ప్రతి కంపెనీ జిల్లాలో డీపీఎఫ్ శుభ్రం చేసే సౌకర్యం పెట్టాలి. బండి అమ్మేటప్పుడే తక్కువ దూరాల ఇబ్బందిని కొనుగోలుదారుకు రాతపూర్వకంగా చెప్పాలి.

మూడు, రైతు సేవా కేంద్రాల ద్వారా ట్రాక్టర్, పికప్ ఫిల్టర్లు అసలైనవి, బిల్లుతో అందించాలి. నకిలీ విడిభాగాలు అమ్మేవారి మీద తనిఖీలు జరగాలి.

నాలుగు, రాష్ట్ర ప్రభుత్వం 2020 సెప్టెంబరు నుంచి లీటరుకు రూపాయి చొప్పున రోడ్ల అభివృద్ధి సెస్సు వసూలు మొదలుపెట్టింది. ఆ సెస్సులో మన మండలాల పుంత రోడ్లకు, ఏటిగట్టు రోడ్లకు ఎంత వచ్చిందో లెక్క చెప్పాలి. దుమ్ము తగ్గితే ఫిల్టర్ ఖర్చు దానంతట అదే తగ్గుతుంది.

ఐదు, మార్పులు చేసి అమ్మేవారి మీద ముందు చర్య తీసుకోవాలి. ఇప్పటికే మోసపోయి మార్చుకున్న రైతుకు మళ్లీ అసలు స్థితికి తెచ్చుకోవడానికి గడువు ఇవ్వాలి.

ప్రభుత్వాన్ని అడిగేముందు మన వంతు పనీ ఉంది. దాళ్వా కోతలు మొదలవకముందే ప్రతి గ్రామ శాఖ ఒక ఆదివారం బండ్లను ఒకచోట చేర్చాలి. ఫిల్టర్ విప్పి టార్చి పెట్టి చూడాలి, గొట్టాల క్లిప్పులు బిగించాలి, ధ్రువపత్రం గడువు చూసుకోవాలి. నమ్మకమైన మెకానిక్‌ను పిలవాలి, అతని కూలి సంఘం భరించాలి. ఫిల్టర్లు పది మంది కలిసి కొంటే ధర తగ్గుతుంది, బిల్లూ వస్తుంది. ఎవరి దగ్గర ఏ బండికి ఏ లైటు వెలిగింది, ఎంత ఖర్చయింది రాసి మండల శాఖకు పంపాలి. ఆ కాగితాలే రేపు కంపెనీ ముందు, అధికారి ముందు మన వాదనకు బలం. ఒక్కొక్కరం విడివిడిగా షెడ్డుకు వెళ్లి గొట్టం కోయించుకుంటే నష్టం ఒక్కొక్కరిదీ. అందరం కలిసి లెక్క రాసి అడిగితే జవాబు చెప్పాల్సింది వాళ్లు.